టూ సిక్స్ కడియాలు

ఒక బొంబాయి కంపెనీ హన్మకొండలో వజ్రాల షోరూం తెరిచి రెండేళ్లయింది. నిఖత్ అందులో చేరి పద్నాలుగు నెలలు. మట్టెవాడలో గాజుల దుకాణం నడిపే తాహెరా బేగం కూతురు ఆమె. బీకాం పాసై ఇంటర్వ్యూకు పోయినప్పుడు అమ్మ దుకాణం సంగతి చెప్పలేదు, వాళ్లూ అడగలేదు.

ఉద్యోగం ఆమెకు నచ్చింది. రోజంతా నిలబడితే పిక్కలు లాగేవి గానీ, ఒకరి మెడలో హారం పెట్టి అద్దం పట్టుకున్నప్పుడు వాళ్ల ముఖంలోకి వచ్చే వెలుగు చూస్తే ఆ నొప్పి మరిచిపోయేది. కష్టమల్లా కంపెనీ పద్ధతులతోనే. 'జర' అనొద్దు, 'కొంచెం' అనాలి. ఎంత పెద్దావిడ వచ్చినా 'మేడం' అనాలి. అన్నిటికంటే గట్టి నియమం ఇంకొకటి ఉంది: కస్టమర్ చేతిని గ్లౌజులు తొడిగిన వేళ్ల కొసలతో తప్ప తాకకూడదు. చిన్నప్పటి నుంచి అమ్మలక్కల చేతులు ఒళ్లోకి లాక్కుని గాజులు తొడిగిన పిల్లకు అది వింతగా ఉండేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం బియ్యం వ్యాపారి రాజేశ్వర్ రావు, భార్య కళావతి, కోడలు సింధు వచ్చారు. ఆదివారం ఆయన షష్టిపూర్తి. భార్యకు చెప్పకుండా, ఆమె ఎప్పుడో వేసుకున్న పాత గాజు ఒకటి కొలతకు ఇచ్చి, నెల కిందటే వజ్రాల కడియాలు ఆర్డరు పెట్టాడాయన. టూ సిక్స్ సైజు. పెట్టె తెరవగానే కళావతి కడియాల వైపోసారి, ఆయన వైపోసారి చూసింది.

కానీ కడియం బొటనవేలి మొదట్లో ఆగిపోయింది. సింధు క్రీం రాసి తోసింది. కళావతి పళ్లు బిగబట్టింది. మేనేజర్ మహిపాల్ వచ్చి, పెద్ద సైజు తెప్పిస్తామనీ, మూడు వారాలు పడుతుందనీ మర్యాదగా చెప్పాడు. రాజేశ్వర్ రావు పెట్టె మూత వైపు చూస్తూ కూర్చున్నాడు.

"నలభై ఏండ్లు పిండి పిసికిన చేతులు బిడ్డా, వీటికి వజ్రాలెందుకు" అని కళావతి నవ్వబోయింది. ఆ నవ్వు నిలవలేదు.

నిఖత్ ఆ చేతి వైపే చూస్తోంది. కీళ్లు లావు, మణికట్టు సన్నం. పెద్ద సైజు వేస్తే మోచేతి దాకా జారుతుంది. ఇట్లాంటి చేతులు అమ్మ రోజుకు పది చూస్తుంది. నిఖత్ గ్లౌజులు విప్పి పక్కన పెట్టి, ఒక పాలిథిన్ కవర్ కావాలని అడిగింది. షోరూం అంతా వెతికినా బంగారు అక్షరాల కాగితపు సంచులే తప్ప కవర్ దొరకలేదు. చివరికి సెక్యూరిటీ రాంచందర్ తన జామకాయలను టోపీలోకి ఒంపి, ఆ కవర్ తెచ్చిచ్చాడు. నిఖత్ దాన్ని కడిగి, తుడిచి, కళావతి కుడిచేతికి తొడిగి, ఆ చేతిని తన ఒళ్లోకి లాక్కుంది. మహిపాల్ గొంతు సవరించుకున్నాడు. ఆమె తల ఎత్తలేదు.

"పెద్దమ్మా, చెయ్యి గట్టిగ వెట్టకున్రి. జర ఇడిసిపెట్టున్రి. ఆదివారం వంటలేం చేపిస్తున్నరు?"

వంట మాట ఎత్తగానే కళావతి మొదలుపెట్టింది. కేటరింగ్ వాళ్ల బూరెల్లో పూర్ణం తక్కువుంటుందట, అందుకే బూరెలు మాత్రం తనే చేస్తుందట. ఆ పూర్ణంలో బెల్లం ఎంత వేయాలో ఆమె చెబుతుండగా నిఖత్ బొటనవేలిని అరచేతిలోకి మడిచి, దాని మొదలు మెల్లగా పిసుకుతూ కవర్ మీదుగా కడియాన్ని తిప్పుతూ జార్చింది. యాలకుల దగ్గరికి వచ్చేసరికి కడియం మణికట్టు మీద ఉంది. కవర్‌ను వేళ్ల వైపు నుంచి లాగేసింది.

కళావతి చేయి కళ్ల ముందుకు తెచ్చుకుని చూసుకుంది. తర్వాత ఎవరూ అడగకముందే రెండో చేయి చాపింది. అది ఇంకా సులువుగా ఎక్కింది. తీసి ప్యాక్ చేయిస్తామంటే ఒప్పుకోలేదు, ఇట్లనే పోతానంది. రాజేశ్వర్ రావు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడానికి చాలాసేపు తీసుకున్నాడు.

సాయంత్రం మహిపాల్ అందరినీ పిలిచాడు. నియమం కంపెనీది, తను మార్చలేనన్నాడు. అయినా రేపటి నుంచి గాజుల కౌంటర్లో కొత్త కవర్ల ప్యాకెట్ ఒకటి ఉంచమన్నాడు. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. నిఖత్ మట్టెవాడ దుకాణం పేరు చెప్పింది. ఆ దుకాణం తన భార్యకు తెలుసన్నాడు.

నిఖత్ ఇంటికి వచ్చి తల్లికి పూసగుచ్చినట్టు చెప్పింది. తాహెరా బేగం వజ్రాల ధర అడగలేదు.

"కుడిచేతితోని షురూ చేసినవా?" అంది. "ఎడమ చెయ్యి మెత్తగుంటది. ముందు అది ఎక్కితే మనిషికి ధైర్యమొస్తది. ఇన్నేండ్లు నా పక్కన కూసోని ఏం నేర్చినవే?"

"మర్చిపోయిన అమ్మీ" అంది నిఖత్. ఇద్దరూ నవ్వుకున్నారు.

సోమవారం కళావతి స్టీలు డబ్బా నిండా బూరెలు తెచ్చింది. వెంట ఇద్దరు స్నేహితురాళ్లు. వాళ్ల చేతులు ఆమె చేతులకంటే లావు. మొదటావిడ కుడిచేయి చాపింది. నిఖత్ నవ్వి, ఎడమచేయి అందుకుని, వాళ్లింట్లో ఈ పూట వంటేమిటని అడిగింది.