రొయ్యల ప్రాక్టికల్

జంతుశాస్త్రం పేరు చెబితే నాకు ఇప్పటికీ ముందు కంపు గుర్తొస్తుంది, తర్వాతే పాఠం.

డెబ్బైల చివర్లో తిరుపతిలో ఇంటర్‌మీడియట్ బైపీసీలో చేరాను. మాది కిరాణా కొట్టు కుటుంబం. మా ఇంట్లో కోడిగుడ్డును పేరు పెట్టి పిలిచేవాళ్లు కూడా కాదు, "అది" అనేవాళ్లు. అలాంటి ఇంటి పిల్లను డాక్టర్ని చేయాలని మా నాయనకు బుద్ధి పుట్టింది. ప్రాక్టికల్స్ ఉన్న రోజు అమ్మ నన్ను వీధి వాకిలి తొక్కనిచ్చేది కాదు. పెరటి వైపు నుంచి వచ్చి, తెల్లకోటు జామచెట్టు కొమ్మకు తగిలించి, బావి దగ్గర తలకు నీళ్లు పోసుకుంటేనే లోపలికి ప్రవేశం.

"ఆ కోటు ఈడ దేనికీ తగిలించొద్దు. పొయ్యి కాడికి అసలే రావద్దు," అనేది అమ్మ.

"ఆడబిడ్డకు యాడా ఇంకో చదువు దొరకలేదా? పీనుగుల చదువు," అని అవ్వ అరుగు మీద నుంచి వంత పాడేది.

నాకూ లోపల అదే అభిప్రాయం. వృక్షశాస్త్రమైతే హాయిగా ఉండేది. మొక్క కాడను క్యారెట్ ముక్క మధ్య పెట్టి బ్లేడుతో పలచగా కోయడం, ఎర్ర రంగులో ముంచి మైక్రోస్కోపు కింద చూడడం, చూసిందాన్ని రికార్డులో గీయడం. నా బొమ్మలకు మంచి పేరుండేది. పక్కనున్న జంతుశాస్త్రం గదిలోకి అడుగుపెడితే మాత్రం ముక్కు మూసుకునేదాన్ని. అక్కడ సీసాల్లో పాలిపోయిన పాములు, పేరు చీటీ ఊడిపోయి ఏమిటో తెలియని ముద్దలు. మైనం పళ్లెంలో కప్పను వెల్లకిలా పడుకోబెట్టి నాలుగు కాళ్లకూ గుండుసూదులు గుచ్చేవాళ్లు. పొట్ట కోశాక కూడా దాని గుండె కొట్టుకుంటూ ఉండేది. "సూడండి, ఎంత చక్కగా కొట్టుకుంటాందో," అనేవాడు మా లెక్చరర్, వక్కాకు నములుతూ. ఆ నోరూ ఆ పళ్లెమూ ఒకే రంగులో ఉండేవి. నేను కిటికీ దగ్గరికి పరిగెత్తేదాన్ని.

నా బల్ల మీద నాతో పాటు కూర్చునేది పులికాట్ ఒడ్డు పల్లె నుంచి వచ్చిన పిల్ల. వాళ్ల నాయన సరస్సులో వల వేసేవాడు. ఆమె తిరుపతిలో ప్రభుత్వ హాస్టల్లో ఉండి చదువుకునేది. ఇంటర్ పాసైతే నర్సు ట్రైనింగులో చేరవచ్చని ఎవరో చెప్పారట, ఆ ఒక్క మాట పట్టుకుని వచ్చింది. తప్పితే హాస్టల్లో చోటు ఉండదు, మళ్లీ రొయ్యలు ఒలిచే పనికే పోవాలి. ఈ సంగతి ఆమె నాకు మొదటి నెలలోనే చెప్పింది. అంటే, తెలియక చేశానని నేను తర్వాత అనడానికి వీల్లేదు.

ఆ పిల్ల వేళ్లంత పనివాటం వేళ్లు నేను మళ్లీ చూడలేదు. బొద్దింక నోట్లోంచి వెంట్రుకంత ముక్కల్ని విరగకుండా తీసి పలక మీద పరిచేది. ఆమెకు బొమ్మ మాత్రం వచ్చేది కాదు. కప్ప గీస్తే బెండకాయలా ఉండేది. అందుకని మా మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఆమె రికార్డులో బొమ్మలన్నీ నేను గీసేదాన్ని, నా పళ్లెంలో కోతలన్నీ ఆమె కోసేది. రెండేళ్లూ అలాగే నడిచింది. లెక్చరర్‌కు తెలియక కాదు. చూసి కూడా చూడనట్టు వెళ్లిపోయేవాడు, ఎందుకంటే ఆ పిల్లతో ఆయనకూ పని ఉండేది.

పని ఏమిటంటే రొయ్యలు. మా సిలబస్‌లో రొయ్యకుండే పంతొమ్మిది జతల అవయవాలను, మీసాల నుంచి తోక వరకు, ఒక్కొక్కటిగా ఊడదీసి వరస తప్పకుండా అట్ట మీద అతికించాలి. తిరుపతిలో పచ్చి రొయ్య యాడ దొరుకుతుంది? అందుకని ఆమె ఊరికి పోయేటప్పుడల్లా ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు.

"ఏమ్మా, ఊరికి పోతాండావా? మన ల్యాబుకు నాలుగు రొయ్యలు పట్రా."

ఆమె తాటాకు బుట్టలో తడి గోనె కప్పి తెచ్చేది. సూళ్లూరుపేటలో ఒక బస్సు, నాయుడుపేటలో ఇంకో బస్సు. కండక్టరు ఆమెను చివరి సీటులో కూడా కూర్చోనివ్వక, బుట్టతో సహా మెట్ల దగ్గర నిలబెట్టేవాడట. కాలేజీకి చేరగానే మా అటెండరు బుట్ట అందుకునేవాడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం ఆయన. పెద్దవన్నీ ఏరి వేరే సంచిలో వేసి లెక్చరర్ ఇంటికి పంపేవాడు. కాళ్లు ఊడినవీ, మెత్తబడినవీ మాకు, అంటే శాస్త్రానికి. నేనేం తక్కువ తినలేదు. బుట్ట వచ్చిన రోజు ఆమె పక్కన కూర్చోకుండా వెనక బల్లకు జరిగేదాన్ని. ఆమె చేత కోయించుకున్నాను గానీ, రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆమె డబ్బాలోది తినలేదు, నా డబ్బాలోది పెట్టలేదు.

రెండో ఏడు చివర్లో ప్రాక్టికల్ పరీక్ష. బయటి ఊరి నుంచి ఎగ్జామినర్ వస్తాడు. ఆయనకు భోజనం లెక్చరర్ ఇంటి నుంచి రావడం ఆనవాయితీ. భోజనం ఎంత బాగుంటే కాలేజీకి మార్కులు అంత బాగుంటాయని అందరూ అనేవాళ్లు. "ఈసారి మంచివి తేవాల," అని ముందే చెప్పి ఆ పిల్లను ఊరికి పంపారు. పరీక్షకు ముందురోజు తోటివాళ్లంతా చదువుకుంటుంటే ఆమె బస్సుల్లో తిరిగింది. పొద్దున్నే బుట్టతో దిగింది. ఎప్పటిలాగే అటెండరు పంపకం చేశాడు.

చీటీలు తీశాం. ఆమెకు బొద్దింక నోటి భాగాలు వచ్చాయి. నాకు రొయ్య.

ఆమె తన పని ఇరవై నిమిషాల్లో ముగించుకుంది. నేను రొయ్యను పళ్లెంలో పెట్టుకుని దాని నల్లటి కళ్ల వైపు చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఎండ ముదిరింది, రొయ్యలు కంపు కొట్టడం మొదలైంది. అప్పుడే పక్క గదిలోకి క్యారియర్ వచ్చింది. ఎగ్జామినరూ లెక్చరరూ భోజనానికి వెళ్లారు. ఆ గదిలోంచి రొయ్యల వేపుడు మసాలా వాసన, నా పళ్లెంలోంచి కుళ్లు వాసన. రెండూ ఒకే బుట్టలోవి. నేను పట్టకారు కింద పెట్టేసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"ఇట్లియ్యి మే," అంది ఆమె గుసగుసగా. "వాళ్లు తినేలోపల అయిపోతాది. నువ్వు పోయి చేతులు కడుక్కో."

ముగించిన పనిని తన బల్ల మీదే వదిలి నా పళ్లెం దగ్గరికి వచ్చి నిలబడింది. నేను కుళాయి దగ్గరికి పోయి, ఇంటి నుంచి తెచ్చుకున్న గంధం సబ్బుతో ముంజేతుల దాకా కడుక్కున్నాను, రొయ్యను వేలితో కూడా తాకకపోయినా. తిరిగి వచ్చేసరికి అట్ట మీద వరస చకచకా దిగుతోంది. పెద్ద పెద్ద మీసాల నుంచి గింజంత దవడల దాకా, ఒక్కటి చిట్లలేదు. చివరి జత అతికిస్తుండగా ఎగ్జామినర్ గుమ్మంలో కనబడ్డాడు.

ఆయన నేరుగా మా దగ్గరికి వచ్చాడు. ఇద్దరి చీటీలూ అడిగి చూశాడు. తర్వాత ఇద్దరినీ చేతులు చాపమన్నాడు. ఆమె చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని, వంగి వాసన చూశాడు. నా చేతిని పట్టుకోలేదు, దూరం నుంచే చూశాడు.

"నీకు వచ్చింది బొద్దింక. నీ చేతికి రొయ్య వాసన ఎందుకుంది?" అన్నాడు ఆమెతో.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయన నా వైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వు పిలిచావా?"

"లేదు సార్. ఆమే వచ్చి తీసుకునింది," అన్నాను. అంతటితో ఆగి ఉంటే కూడా కొంత నయం. "ముట్టుకోవద్దని చెప్పినా సార్," అని కూడా అన్నాను. అది నన్నెవరూ అడగలేదు.

రొయ్యను ఒలిచిన చేతికి వాసన అంటుతుందని కనిపెట్టిన ఆ మహానుభావుడికి, వాసన లేని చెయ్యి రొయ్యను ఒలవలేదన్న సంగతి తట్టలేదు. జీవశాస్త్రంలో పెద్ద చదువు చదివిన మనిషి! తట్టలేదో, తట్టనివ్వలేదో. ఉతికిన తెల్లకోటు, శుభ్రమైన గోళ్లు, గంధం సబ్బు చూశాడు. ఏ వీధి పిల్లనో తెలిసిపోయింది, ఇంక ఆలోచించాల్సిన అవసరం లేకపోయింది. వెనక మా లెక్చరర్ అగ్గిపుల్లతో పళ్లు కుట్టుకుంటూ నిలబడి ఉన్నాడు. రెండేళ్లుగా ఎవరు ఎవరికి కోస్తున్నారో ఆయనకు తెలుసు. కుక్కిన పేనులా ఉండిపోయాడు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్లని తిడతాం గానీ, ఈయన ఆ పిల్ల తెచ్చింది రెండేళ్లు తిని, ఇంటినే కూల్చేశాడు.

ఎగ్జామినర్ ఆమె పేపరు మీద అడ్డంగా ఎర్రగీత గీశాడు. ఆమె ఒక్క మాటే అడిగింది.

"నా బొద్దింక నేనే చేసినా సార్. అది సూడండి."

ఆయన చూడలేదు.

మర్నాడు హాస్టల్ దగ్గరికి పోయాను. ఎందుకు పోయానో నాకే తెలియదు, బహుశా ఆమె నన్ను తిడితే కొంచెం తేలిక పడదామని. ఆమె రేకు పెట్టె మీద కూర్చుని ఉంది, కాళ్ల దగ్గర ఖాళీ బుట్ట.

"ఏంటికట్ల చెప్పినావు?" అంది.

"బయమేసింది."

"నాకూ బయమేసింది. నువ్వు పిలిచినావని నేను చెప్పలేదే?" అంది. "ఆ సారు నా చెయ్యి పట్టుకున్నాడు గదా, ఆయన చెయ్యీ అదే వాసన కొట్టింది. తిని సరిగ్గా కడుక్కోలేదు."

ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి నిజం చెప్పేస్తానని దారి పొడుగునా అనుకున్నాను. ఇంటికొచ్చాక అమ్మ ఎప్పటిలాగే బావి దగ్గర నీళ్లు తోడి ఇచ్చింది. స్నానం చేసి, వేడన్నంలో పప్పు కలుపుకుని కడుపు నిండా తిన్నాను. ఆ తిండి తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతుంది. ఫలితాల్లో ఆమె నంబరు లేదు. మళ్లీ తిరుపతికి రాలేదు.

నాకు మెడిసిన్ సీటు రాలేదు. అదే కాలేజీలో డిగ్రీలో చేరాను. ఒకరోజు ల్యాబులోకి పోతే లెక్చరర్ కొత్త పిల్లలకు రొయ్య పాఠం చెబుతున్నాడు. గోడకు అద్దాల చట్రంలో ఆ అట్ట ఉంది, కింద నా పరీక్ష నంబరుతో. నన్ను చూసి ఆయన ముఖం చిన్నబోతుందేమో అనుకున్నాను. ఏమీ లేదు.

"ఇదిగో, దీన్ని చేసిన పాప వచ్చింది. ఆమెను అడిగి నేర్చుకోండి," అన్నాడు.

ముందు బల్లలో కూర్చున్న ఒక పిల్ల ముక్కు మూసుకుని ఉంది. మా వీధి పిల్లలాగే ఉంది, శుభ్రంగా.

"నీకు వాసన పట్టలేదా అక్కా?" అంది.

"మొదట్లో అట్లే ఉంటాది. చేస్తా చేస్తా అలవాటైపోతుందిలే," అన్నాను.