కంకుల కుచ్చు

వానాకాలంలో జారిపడి కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక ఎముక అతికింది గానీ వేళ్ళు వంగలేదు. సిరుగుప్పలో మా వీధి ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టేది నేనే. సూది పట్టలేని చెయ్యి నాకెందుకు? డాక్టరు ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమన్నాడు. దాన్ని చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. పిసికి పిసికి ఏం చేసినట్టు?

ఏదైనా అల్లితే వేళ్ళు వాటంతటవే దారికొస్తాయనిపించింది. మా అమ్మ ఏటా వరి కంకులతో కుచ్చు అల్లి, పిచ్చుకలకని వసారాలో వేలాడదీసేది. అదే అల్లుదామని కోతల వేళ బస్సెక్కి హచ్చొళ్ళిలో తమ్ముడి మడికి వెళ్ళాను. బాగా పండి బంగారు రంగు తిరిగిన కంకులు ఏరి, ఎడమచేత్తో కోసుకొచ్చాను. ఇంట్లో మొదటి పాయ తిప్పగానే గింజలన్నీ జలజలా రాలిపోయాయి. అమ్మ ఎప్పుడూ కాస్త పచ్చి ఉండగానే కోసేదని అప్పుడు గుర్తొచ్చింది. తిండికి కోసినట్టు కోసుకొచ్చాను!

మళ్ళీ వెళ్తే తమ్ముడు నవ్వాడు.

"రేపు కోత మిషన్ వస్తాదక్కా. గట్టు పక్కన కొన్ని పచ్చిగా ఉండాయి, కోసుకో. అయినా ఇంత కష్టం యాలక్కా నీకు?"

గట్టు పక్కన పచ్చివి చూసి కోసుకున్నాను. ఇంటికొచ్చి మోపు విప్పితే లోపల్నుంచి ఒక ఆకుపచ్చ మిడత నా మోకాలి మీదికి దూకి, అక్కడే కూర్చుని మీసాలు దువ్వుకుంది. ఎన్నో నెలల తర్వాత నాలో నేనే నవ్వుకున్నాను.

కాడలు తడిపి అల్లడం మొదలుపెట్టాను. మిగతా వేళ్ళు ఎలాగో కదిలాయి. చిటికెన వేలు మాత్రం మొండికేసింది. దాన్ని తిట్టాను, కాపడం పెట్టాను, ఏడ్చాను కూడా. చివరికి వంకరటింకర కుచ్చు ఒకటి తయారైంది. మా ఆయనతో వసారా దూలానికి కట్టించాను.

కొన్నాళ్ళు ఏ పిట్టా రాలేదు. ఒక పొద్దున మా ఆయన చప్పుడు చేయకుండా సైగ చేసి పిలిచాడు. గొంతు కింద నల్లమచ్చ ఉన్న పోతుపిచ్చుక, దాని పక్కన పెంటి. పెంటి తలకిందులుగా వేలాడి గింజ పొట్టు ఒలుస్తోంది. నాకెంత సంతోషమైందో చెప్పలేను. అంతలో అల్లికలో నేను బిగించలేకపోయిన ముడి ఊడి, కుచ్చు మొత్తం విడిపోయి నేలమీద పడింది. పిట్టలు గోడ మీదికి ఎగిరాయి.

"పోనీలే," అన్నాడు మా ఆయన. "బళ్ళారిలో అమ్ముతాండారంట, ఒగటి తెస్తాలే."

"వద్దు. నేనే అల్తా."

కాడలు ఏరుకుని, మళ్ళీ తడిపి, అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి పిచ్చుకలు దిగి, రాలిన గింజల్ని నా ముందే ఏరుకోసాగాయి. నేను తల ఎత్తలేదు. ముడి దగ్గరికి వచ్చాక కాడను చిటికెన వేలికి చుట్టి లాగాను. నొప్పి మోచేతి దాకా పాకింది. వదల్లేదు, ఇంకా లాగాను. వేలు వంగింది.