ఒడ్డున ఏడుపు

వందేళ్ల కిందటి గంజాం రేవు మీద తీస్తున్న సినిమాలో మాటా, కట్టూ అచ్చంగా అప్పటివే ఉండాలని డైరెక్టరు పట్టుదల. హీరోయిన్‌కి ఆ యాస ఎంతకీ నోరు తిరగలేదు. దాంతో ఒక సీనుకి చేపలమ్మే గురువమ్మను పట్టుకొచ్చి, ముతక చీర కట్టించి, ఇసుకలో నిలబెట్టారు. ఇంత అచ్చమైన మనిషి దొరికిందని డైరెక్టరు మురిసిపోయాడు.

"నీ మొగుడు సముద్రంలో పోయాడని కబురొచ్చింది. గుండెలు బాదుకుని ఏడవాలమ్మా," అన్నాడు.

గురువమ్మ సముద్రం వైపు చూసింది. తెల్లారకముందే వేటకెళ్లిన ఆమె మొగుడు మసేను ఇంకా తిరిగి రాలేదు. పడవలు నీళ్ల మీదుండగా వాళ్ల పేటలో ఏ ఆడదీ ఒడ్డున కన్నీరు పెట్టదు.

"మావోడొచ్చీదాక ఆగండి బాబూ. అప్పుడెంతసేపైనా ఏడుస్తాను."

"ఇది ఉత్తుత్తి ఏడుపేనమ్మా."

"మీకు తెల్సు, నాకు తెల్సు. సముద్రానికెవులు సెప్తారు?"