మెర్తా చేతికి తెలిసిన చేప

బాలి ఉత్తర తీరంలో ముప్పై ఏళ్లుగా మెర్తా పని ఒకటే. పడవ మీది కంప్రెసర్ నుంచి గాలి అందించే గొట్టం నోట కరుచుకుని పగడపు దిబ్బల్లోకి దిగడం, డాక్టరు చేప అనే వేలెడంత నీలి చేపను వలతో పట్టి తేవడం. పెద్ద చేపల ఒంటి మీద పురుగులు ఏరి తింటుందని దానికి ఆ పేరు. పట్నంలో అద్దాల తొట్లవాళ్లు దాన్ని ఎగబడి కొంటారు.

ఆ దిబ్బల్లోనే దొంగ డాక్టరు కూడా ఉంటుంది. పట్నంలో దాన్ని బ్లెన్నీ అంటారు. అదే నీలం, అదే నల్ల చార, అదే వయ్యారం. వైద్యానికని వచ్చిన చేప రెక్క కొరికేసి, బొరియలోకి తోక ముందుగా దూరి, తల ఒక్కటే బయటపెట్టి ఏమీ ఎరగనట్టు చూస్తుంది. ఆ మొహం చూస్తే ఎవరికైనా చెంప పగలగొట్టాలనిపిస్తుంది. తేడా నోట్లోనే ఉంది. దొంగదానికి నోరు గడ్డం కింద ఉంటుంది.

మెర్తా కళ్లకు ఆ నోరు కనబడటం మానేసి మూడేళ్లయింది. ఎవరికీ చెప్పలేదు. వలలో పడ్డదాని ముందు వేలు పెట్టేవాడు. అసలుది గిలిగింత పెడుతుంది, దొంగది కసుక్కున కరుస్తుంది. కరిచినదాన్ని వదిలేసేవాడు. అలా బండి లాక్కొచ్చాడు. పోయిన నెల గొట్టంలో గాలి ఆగిపోయి, లోతు నుంచి ఒక్క ఉదుటున పైకి వచ్చేశాడు. ప్రాణం దక్కింది గానీ, అంత వేగంగా పైకి రావడంతో నరాలు దెబ్బతిని రెండు చేతుల వేళ్లూ మొద్దుబారిపోయాయి.

"ద్వీజకు చెప్పెయ్యి," అంది పెళ్లాం సుక్రెని. ద్వీజ పడవ యజమాని.

"చెప్తే గట్టున కూర్చోబెడతాడు. గట్టున నేనేం చెయ్యను? నీళ్లు తప్ప నాకేం తెలుసే?" అన్నాడు మెర్తా. 

నాలుగు రోజులకే, మెర్తా పట్టిన చేపల్లోంచి పట్నం తొట్టిలో దొంగ డాక్టరు ఒకటి బయటపడింది. ఖరీదైన చేపల రెక్కలన్నీ కొరికి పెట్టింది. మర్నాడు పొద్దున్నే ద్వీజ ఇసుకలో ఒక బేసిన్ పెట్టి, అందులో చేపను వదిలాడు.

"మెర్తన్నా, ఇటు రా. ఇదేంటో చెప్పు."

"ఇదేం పరీక్షరా? నీకు లాగూ వేసుకోవడం రాని రోజుల నుంచీ పడుతున్నాను."

"అందుకే నిన్ను అడుగుతున్నా. చూసి చెప్పు, చాలు."

మెర్తా వంగి చూశాడు. నీలంగా ఏదో కదులుతోంది, అంతే.  పొద్దున కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడు వేడి తగిలినట్టే అనిపించింది. ఇప్పుడు ఆ ఒక్క ఆశే మిగిలింది. సుక్రెని అప్పుడే పడవ ముక్కు మీద దేవుళ్లకు నైవేద్యంగా పూల దొప్ప పెడుతోంది. మనసులోనే ఆ దొప్పకు దండం పెట్టుకుని కుడి చెయ్యి నీళ్లలో ముంచాడు.

ఎంతసేపు చూసినా కరిచినట్టు అనిపించలేదు. అతనికి ప్రాణం లేచి వచ్చింది.

"అసలుదేరా! సందేహం లేదు," అన్నాడు నవ్వుతూ.

చుట్టూ చేరిన పడవవాళ్లెవరూ నవ్వలేదు.

"అన్నా," అన్నాడు ద్వీజ నెమ్మదిగా, "నెత్తురు కారుతోంది."

"అబ్బా!" అని అరిచి మెర్తా చెయ్యి బయటికి లాక్కున్నాడు. బొటనవేలు గట్టిగా పట్టుకుని ఉఫ్ ఉఫ్‌మని ఊదుకున్నాడు.

కరిచింది చిటికెన వేలు.

సుక్రెని మొహం పక్కకు తిప్పుకుంది. ద్వీజ పడవ దగ్గరికి వెళ్లి, కంప్రెసర్ నుంచి మెర్తా గొట్టం ఊడదీసి చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు.