పసుపు పూసిన టేప్‌రికార్డరు

పొద్దున్నే దీపం వెలిగించి, దేవుని అర్రలో గూట్లో ఉన్న చిన్న డబ్బా మీట నొక్కుతాను. నామాలు చదివే డబ్బా అది, కోడలు కొనిచ్చింది. నొక్కగానే టక్కుమని చప్పుడవుతుంది, ఆ తర్వాత ఒక్క క్షణం సన్నని గరగర తప్ప ఏమీ వినపడదు. గొంతు ఆ తర్వాతే మొదలవుతుంది. ఇంట్లో వాళ్లకు అది లెక్కలోకి రాని క్షణమే గానీ, నాకు మాత్రం ఆ గరగరలో సుద్దముక్కల వాసన వస్తుంది. అరుగు మీద ఎండబెట్టిన రేడియో సెల్లులు కనపడతాయి. వాటి వెనకాలే రాజలింగం సారు గొంతు వినపడుతుంది, "ఆగుండ్రి. జర చెవులు పెద్దగ చెయ్యుండ్రి" అని. పిల్లలంతా రెండు చేతులతో చెవులు ముందుకు లాక్కుని నవ్వేవాళ్లు. ఆయనను చూడనివాళ్లకు ఆయన ఎట్లా ఉండేవారో చెప్పాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాదు. మాది జమ్మికుంట దగ్గర పల్లె. ఆడపిల్లను బడికి పంపడం మా ఇంట్లో ఆనవాయితీ లేదు, కానీ బాపుకు చదువంటే ప్రాణం. మాపటిపూట నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బియ్యప్పిండిలో అక్షరాలు దిద్దించాడు. పద్యాలు నోటికి నేర్పించాడు. అవ్వ జొన్నరొట్టె కొడుతూ తప్పులు దిద్దేది, ఆమెకు చదువు రాకపోయినా. పెండ్లయి ఖానాపూర్ పక్క ఊరికి వచ్చాక శ్రావణమాసంలో గుడిలో పురాణం చదివేదాన్ని. మా ఆయన పశువుల దవాఖానలో కాంపౌండరు. ఒక శనివారం చదవడం అయిపోయి పుస్తకానికి గుడ్డ చుడుతుంటే, అప్పటిదాకా స్తంభానికి ఆనుకుని విన్న బక్కపలుచని మనిషి దగ్గరికి వచ్చారు, రాజలింగం సారు. ఊళ్లో బడి ఆయన ఒక్కరి చేతిమీదే నడుస్తుందని తెలుసు గానీ, ఎప్పుడూ మాట్లాడింది లేదు.

"అమ్మా, నువ్వు చదువుతుంటే ఎనుకకు కూసున్న ముసలోళ్లు గూడ నిద్రపోతలేరు. ఐదు తరగతులు, నేనొక్కన్ని. చిన్నపిల్లలకు కథలు చదివి చెప్తవా?"

"నేను బడి మెట్లు ఎక్కినదాన్ని కాదు సార్."

"మన బడికి నాలుగే మెట్లున్నయి. రేపు ఎక్కు."

అట్లా ఇరవై ఏడేండ్ల వయసులో, చెప్పులు కింద విడిచి, మెట్టును ముట్టి కండ్లకద్దుకుని బడిలోకి పోయాను. పిల్లలు వింతగా చూశారు. సారు నవ్వలేదు. అయితే నేను ఉండటం తాత్కాలికమే. తనిఖీకి వచ్చే పెద్దసారు చూసి సరేనంటేనే ఉండాలి, వద్దంటే ఇంటికి పోవాలి. ఆ మాట సారు మొదటిరోజే చెప్పారు. మంచి మాటను ముందుపెట్టి చేదు మాటను దాచే అలవాటు ఆయనకు లేదు.

బడికి ఒక రేడియో ఉండేది. చుట్టుపక్కల బళ్లల్లో గూడా ఉండేవి, కానీ చాలాచోట్ల బీరువాలోనే. ఖరాబైతే జవాబు చెప్పాలని భయం. సారు మాత్రం వారానికి రెండుసార్లు మా రేడియోను బల్ల మీద పెట్టేవారు. మధ్యాహ్నం పిల్లల పాఠం వస్తుందంటే పొద్దున్నే సెల్లులు తీసి అరుగు మీద ఎండలో వరుసగా పేర్చేవారు, వేడికి ఇంకో నాలుగు రోజులు నడుస్తాయని. పాఠం ఎంతసేపు వస్తుందో, అంతకు రెట్టింపు సేపు ముందూ వెనకా పిల్లలతో మాట్లాడేవారు. అన్నిటికంటే వింత ఏమిటంటే, రేడియోలో కథ మంచి పట్టు మీద ఉండగా టక్కున కట్టేసేవారు. "ఇప్పుడేమైతది? చెప్పుండ్రి." పిల్లలు గోలపెట్టేవాళ్లు. ఒకడు పులి చచ్చిందనేవాడు, ఇంకొకడు పులికి పెండ్లి చేసేవాడు. ఆ గోల అయ్యాక మళ్లీ పెట్టేసరికి రేడియోలో కథ అయిపోయి పాట వస్తుండేది.

నాకు మనసొప్పలేదు. "అంత దూరంనుంచి రేడియోల ఆమె గంత మంచిగ చెప్తుంటే నోరు మూసినట్లయితది గద సార్" అన్నాను ఒకరోజు.

"ఆమె మన పిల్లల మొకాలు చూస్తలేదమ్మా. మనం చూస్తున్నం. ఆమె పని ఆమె చేసింది, మిగిలిన సగం మనది."

మరోరోజు వాన గురించిన పాఠం వస్తోంది. మబ్బు ఎట్లా పుడుతుందో ఆమె తియ్యగా చెబుతుండగా బయట నిజంగానే పెద్ద వాన దిగింది. పెంకుల మీద చప్పుడుకు రేడియో మాట వినపడటం లేదు. నేను పోయి దాని గొంతు పెంచబోయాను. సారు నా చెయ్యి ఆపి రేడియోనే కట్టేశారు. "వాన అచ్చినంక వాన పాఠమెందుకు? పా, పా, అరుగు మీదికి!" పిల్లలు చూరు కింద చేతులు చాపి నిలబడ్డారు. ఎవరి దోసిలి ముందు నిండుతుందో చూశారు, నీళ్లు ఎటు పారుతున్నాయో వెంబడి పోయి చూశారు. పెద్దమనిషిని, నేనూ దోసిలి పట్టాను. ఆ పూట దేవుడు మాకు పాఠం చెప్పడానికి స్వయంగా వచ్చాడని నాకు అనిపించింది. సారుతో అంటే నవ్వుతారని అనలేదు.

తనిఖీ వాయిదా పడుతూనే ఉండగా, రెండేండ్లకు పై ఆఫీసు నుంచి టేప్‌రికార్డరు వచ్చింది. దానికంటే కొన్నాళ్ల ముందే రుక్మాబాయి వచ్చింది. ఎనిమిదేండ్ల పిల్ల. పత్తి పనులకని మరాఠీ మాట్లాడే వైపునుంచి వచ్చిన వాళ్ల బిడ్డ. రెండు జడలు, రెండు పెద్ద కండ్లు, మాట మాత్రం లేదు. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేది. పిల్లలు "మూగబాయి" అని ఏడిపిస్తే తల దించుకునేది. వాళ్ల నాయన ఒకటికి రెండుసార్లు వచ్చి, నోరే తెరవని పిల్లకు చదువెందుకు, చేనుకు తోలుకపోతానన్నాడు. సారు "దసర పండుగ దాంక చూడు పటేలా" అని ఆపారు. ఆ పిల్ల నోరు తెరిపించే పనిని నాకు అప్పజెప్పారు. టేప్‌రికార్డరు నా ఒళ్లో పెట్టి, "దీన్ని పట్టుకొని ఆ పిల్ల పక్కన ఊకె కూసో. ఏం అడగకు" అన్నారు.

కూర్చున్నాను, నాలుగు రోజులు. ఐదోరోజు ఆ పిల్ల వేలితో ఎర్ర మీటను చూపించి, ఇదెందుకని కండ్లతోనే అడిగింది. నేను మీట నొక్కి బాపు నేర్పిన పద్యం ఒకటి పాడి, వెనక్కి తిప్పి వినిపించాను. తన కండ్లు ఇంకా పెద్దవయ్యాయి. డబ్బాకు మూతి ఆనించి, నాకు గూడా వినపడనంత మెల్లగా ఏదో చెప్పింది. తిప్పి వింటే వాళ్ల ఆజీ, అంటే నాయనమ్మ చెప్పే కథ. పత్తి నింపే బోరెం సంచిలో నిద్రపోయి అంగడికి పోయిన పిల్లి కథ. సగం మరాఠీ, సగం మన మాట. తన గొంతు తాను విని ఆ పిల్ల నవ్వింది చూడండి, నేను ఆ నవ్వు కోసమే బడి మెట్లు ఎక్కానేమో అనుకున్నాను. ఆ తర్వాత డబ్బాతో ధారాళంగా మాట్లాడేది. మనుషులతో మాత్రం ఇంకా లేదు. సారు ఆ టేపు సంగతి పైకి రాశారు. దసరా సెలవులయ్యాక పెద్దసారు విని పోవడానికి వస్తున్నారని, నా సంగతి గూడా అప్పుడే తేలుస్తారని జవాబు వచ్చింది.

ఇక నేను చేసిన ఘనకార్యం. సెలవులకు ముందురోజు సారు ఏదో మీటింగుకు పోయారు. మా ఇంట్లో దసరాకు నాగలి, కొడవలి, సుత్తె అన్నీ పసుపునీళ్లతో కడిగి బొట్లు పెట్టేవాళ్లం. అన్నం పెట్టే వస్తువుకు మొక్కకుండా ఎట్లా? బడిగంటకు, నల్లబల్లకు, రేడియోకు పైపైన తుడిచి బొట్లు పెట్టాను. టేప్‌రికార్డరు దగ్గరికి వచ్చేసరికి భక్తి పొంగింది. గొంతు ఉండేది లోపల గదా, పైన మొక్కితే ఏం లాభమని టేపు తీసి పక్కన పెట్టి, మూత తెరిచి, తడిగుడ్డతో లోపలంతా పసుపు పూసి, మెరిసే చిన్న బిళ్లకు తడికుంకుమ బొట్టు పెట్టి, మూత వేసి, పైన గునుగుపూలు పెట్టి దండం పెట్టుకున్నాను. పిల్లలు వరుసగా నిలబడి వాళ్లూ మొక్కారు.

సెలవుల తర్వాత మీట నొక్కితే టక్కుమన్నది. గరగర లేదు. చక్రం తిరగలేదు. మూత తీస్తే పసుపు ఎండి గచ్చులాగా పట్టుకుంది. పెద్దసారు రావడం నాలుగు రోజుల్లో. ఇంట్లో ఏడుస్తుంటే మా ఆయన, "ఎలుకల మీదికి తొయ్యి. అవ్వి వచ్చి సాచ్చెం చెప్తయా?" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు గానీ, ఒక్క క్షణం నా మనసు నిజంగా ఎలుకల దగ్గరికి పోయింది. అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది. తెల్లారి సారుకు ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన మూత తీసి, ఎండిన పసుపును గోటితో గీకి చూశారు. "గిదేందమ్మా, దీన్ని పెండ్లికూతురు చేసినవా?" అన్నారు. నేను నవ్వలేకపోయాను. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మొక్కుట్ల తప్పు లేదు. కాని దేవుడనుకునే కదా అందరు వీటిని బీరువల పెట్టి తాళమేసిండ్రు. వాళ్లు దాచి ఖరాబు చేసిండ్రు, నువ్వు తానం పోసి ఖరాబు చేసినవ్. రెండిట్ల నీదే నయం. ఇది పనిముట్టమ్మా. దీనికి మొక్కు పని చేపిచ్చుడే."

"నన్ను పంపిస్తరా సార్?"

"అది ఆయన చేతుల ఉన్నది. నేనైతే అబద్ధం చెప్ప. నువ్వు గూడ చెప్పకు. ఫికర్ పడితె చక్రం తిరుగదు గద." ఆ మాపే టేప్‌రికార్డరును సంచిలో పెట్టుకుని బస్సెక్కి నిర్మల్‌లో బాగుచేసేవాళ్లకు ఇచ్చి వచ్చారు. పదిహేను రోజులు పడుతుందన్నారట.

పెద్దసారు వచ్చారు. తెల్లబట్టలు, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. వెనక గోడకానుకుని రుక్మ వాళ్ల నాయన గూడా నిలబడ్డాడు. పండుగ అయిపోయింది, మాట ప్రకారం వచ్చాడు. పెద్దసారు కూర్చోగానే, "మీ టేప్‌రికార్డరు గురించి చాలా రాశారు. ఏదీ, వినిపించండి" అన్నారు.

"ఖరాబైంది సార్. నిర్మల్‌ల ఇచ్చిన" అన్నారు సారు.

"కొత్తది కదా, ఎలా పాడైంది?"

చెప్పాలని లేచి కొంగు సర్దుకున్నాను. అంతలోనే రెండో వరుసలోంచి సన్నటి గొంతు వినపడ్డది.

"టీచరమ్మ డబ్బాకు తానం పోసింది సాబ్. దసరకు. పసుపు నీళ్లతోని. పూలు గూడ పెట్టింది."

పిల్లలంతా ఒక్కసారి అటు తిరిగారు. లేచి నిలబడింది రుక్మాబాయి. నా గుట్టు బయటపడిందన్న సంగతే నాకు గుర్తుకు రాలేదు. వాళ్ల నాయన గోడను వదిలి ఒక అడుగు ముందుకు వచ్చాడు. పెద్దసారు కళ్లద్దాలు పైకి తోసుకుని, "ఎవరమ్మా నువ్వు?" అన్నారు.

"రుక్మాబాయి. డబ్బాల కథ చెప్పింది నేనే. డబ్బా లేకున్న గూడ నాకస్తది." అడగకుండానే మొదలుపెట్టింది. పిల్లి బోరెం ఎక్కింది, బండి కదిలింది, అంగడిలో కాంటా మీద బోరెం పెట్టారు, బోరెం మియావ్ అన్నది. అంతవరకు చెప్పి టక్కున ఆగింది. తల పక్కకు వంచి, అచ్చం మా సారులాగా అడిగింది. "ఇప్పుడేమైతది? మీరు చెప్పుండ్రి సాబ్."

పెద్దసారు చేతిలోని కలం బల్ల మీద పెట్టారు. పిల్లలు కిసకిసా నవ్వారు. "చెవులు పెద్దగ చెయ్యుండ్రి సాబ్" అని ఎవరో అన్నారు. చివరికి ఆయన గొంతు సవరించుకుని, "పత్తి కొనేవాడు పారిపోయి ఉంటాడు" అన్నారు. "కాదు" అన్నది రుక్మ, పంతులమ్మలాగా.

పోయేముందు ఆయన బడి తనిఖీ పుస్తకంలో రెండు సంగతులు రాశారు. యంత్రాలను పూజలకు దూరంగా ఉంచాలని ఒకటి. ఈమె ఏడో తరగతి ప్రైవేటుగా రాసి గట్టెక్కేవరకు బడిలో కొనసాగవచ్చని రెండోది. మొదటిది చదివి సారు కండ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. రెండోది నేను కండ్లకద్దుకున్నాను. రుక్మ వాళ్ల నాయన చేనుకు ఒక్కడే పోయాడు.

ఏడు గట్టెక్కాను, ఆ తర్వాతవీ ఎక్కాను. సారు హుస్నాబాద్ వైపు బదిలీ అయి పోతూ నాకు పెట్టెలు, తాళాలు ఏమీ అప్పజెప్పలేదు. బీరువా తాళంచెవి ఎక్కడో పోయిందని, వెతకొద్దని చెప్పారు. ఇప్పుడాయన లేరు. నాకు అక్షరం ఇచ్చిన బాపు పక్కన, ఆ అక్షరానికి బడి చూపించిన ఆయనను గూడా తలచుకుని రోజూ దీపం పెడతాను.

గూట్లో డబ్బాకు బొట్టు పెట్టను. పక్క గోడకు పెడతాను, అది గూడా పొడి కుంకుమే. నామాలు సగానికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే మీట మీదికి పోతుంది. టక్కుమంటుంది. ఇల్లు నిశ్శబ్దమవుతుంది. నిద్రమొకంతో మనవరాలు తొంగిచూసి, "నానమ్మా, డబ్బా ఖరాబైందా?" అంటుంది.

"లేదు బిడ్డా, మంచిగనే ఉన్నది. దాని సగం అది చదివింది" అంటాను. పక్కన కూర్చోబెట్టుకుంటాను. మిగిలిన సగం మేమిద్దరం చదువుతాం.