చిన్నమ్మ డాక్టరుకు చెప్పుకున్న మాటలు

పోయిన మంగళవారం మా చిన్నమ్మ చనిపోయింది. నేను మార్కాపురంలో దుకాణంలో ఉండగా కబురు వచ్చింది. షట్టరు దించి తర్లుపాడు బస్సెక్కాను. మూడు రోజుల జ్వరం, అంతే. ఆ ఒంట్లో జ్వరాన్ని తట్టుకునే సత్తువ పోయి చాలా రోజులైంది.

సొంత చిన్నమ్మ కాదు. గోడ పక్క ఇల్లు, వరుస అలా కలిసింది. మా అమ్మ పోయినప్పుడు నెల రోజులు గోడ మీది నుంచి కూర గిన్నె అందించింది. తిన్నావా అని అడిగేది కాదు, ఖాళీ గిన్నె వచ్చిందా లేదా చూసేది. నేను మాట తక్కువ మనిషిని. సాయంత్రం అరుగు మీద పద్దు రాసుకుంటుంటే, "ఏంది నాయనా, ఈ పొద్దు ఎన్ని మాటలు ఖర్చయినాయో అది గూడా రాసినావా?" అని నవ్వేది.

చిన్నాయన పోయాక ఆ నవ్వు పోయింది. నిద్ర లేదు, తిండి లేదు. ఆస్పత్రి నర్సమ్మ ఫోనులో మాట్లాడే మానసిక వైద్యుణ్ణి కుదిర్చింది. "మీరు చెప్పేవి మన మధ్యే ఉంటాయమ్మా" అన్నాడట ఆయన. "ఎదురుగా మనిషి లేకపోతే మాట బాగా వస్తాది" అనేది చిన్నమ్మ. మందులు పనిచేశాయి. మళ్లీ మేకలు తోలుకుపోవడం మొదలుపెట్టింది.

ఆమెకు చదువు రాదు, మాత్రల వేళలు మరిచిపోయేది. మళ్లీ అడగాలంటే సిగ్గు. అందుకని నేను ఆమె ఫోనులో మాటలు వాటంతటవే రికార్డయ్యేలా పెట్టి, ఏది నొక్కి వినాలో చూపించాను. మాత్రల సంగతే కాదు, ప్రతి మాటా అందులో ఉండిపోతుందని చెప్పలేదు. నాకే తట్టలేదు. డాక్టరును అడగాలనీ తట్టలేదు.

చిన్నాయన కందిచేను ఆమె పేరుకు మారాల్సి ఉంది. ఆయన అన్న కొడుకు, రీఛార్జి చేయిస్తానని ఆమె ఫోను తీసుకుపోయాడు. వారం తర్వాత పెద్దమనుషుల ముందు, ఆ రికార్డులు ఎక్కించుకున్న తన ఫోను పైకెత్తాడు. అందులో చిన్నమ్మ గొంతు.

"మా ఇంటాయన తెల్లారుజామున మేకల్ని అదిలిస్తా ఉండాడు సార్. నేను పలుకుతా ఉండా."

"ఇన్నారుగా! పిచ్చిదానికి పొలమేంది?" అన్నాడు వాడు.

"ఏమ్మే, చేనెవరికియ్యాలో గూడా చెప్పినాడా మీ ఆయన?" అన్నాడొక పెద్దాయన. అందరూ నవ్వారు. తన గొంతు ఆగేదాకా చిన్నమ్మ తల వంచుకుని కూర్చుంది.

మార్కాపురంలో వకీలు దగ్గరికి తీసుకెళ్లాను. "దొంగతనంగా తీసుకుని వినిపించడం తప్పే. జబ్బుందని పొలం లాక్కోవడానికీ లేదు. కేసు వేద్దాం. కాకపోతే అక్కడ అవన్నీ మళ్లీ వినిపిస్తారు తల్లీ" అన్నాడాయన.

చిన్నమ్మ లేచింది. "వొద్దులే సార్. చేను వాణ్ణే తిననీ."

ఆ తర్వాత డాక్టరు ఫోను చేస్తే "బాగుండా సార్" అని పెట్టేసేది. మాత్రలు అయిపోయినా చెప్పలేదు. తిండి తగ్గింది. మేకల్ని అమ్మేసింది.

"నీ ఫోన్లో ఆ రికార్డు తీసేసినా చిన్నమ్మా" అన్నాను.

"పెట్టినప్పుడూ నాకు తెలియలా. తీసినావని ఎట్ల తెలుస్తాది నాయనా?" అంది. కోపంగా అనలేదు.

జ్వరం రావడానికి నాలుగు రోజుల ముందు, ఒక మాట చెప్పాలని పిలిచింది. నా జేబులోని ఫోను తనే తీసుకుపోయి, వాకిట్లో కోళ్ల గంప కింద పెట్టి, గంప మీద రాయి ఉంచింది. లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసి, నా ఎదురుగా కూర్చుంది. నోరు తెరిచింది. తలుపు సందులోంచి గంప వైపు చూసింది.

"టీ తాగుతావా?" అంది.