అన్న దాచుకున్న వంద పాయింట్లు

మా చిన్నప్పుడు... నారాయణపేటలో మా వీధి చివర నెట్ సెంటర్‌లో మూడో కంప్యూటర్ మాది. మాది అంటే మేం కొన్నది కాదు. బడి వదిలాక నేను, మా రమేశన్న వెళ్లేసరికి దాని ముందు ఎవరైనా కూర్చుని ఉంటే, అన్న వెనక నిలబడి చూసే చూపుకే లేచిపోయేవారు. తెలంగాణ వచ్చిన కొత్త రోజులు... నాకు పన్నెండు, అన్నకు పదహారు.

ఆన్‌లైన్ కత్తియుద్ధాల ఆట అది. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి మనతో తలపడేవారు. ఒక్కో లెవెల్ దాటితే ఐదు పాయింట్లు వచ్చేవి. వాటిని బలానికి పెట్టుకోవచ్చు, కవచానికి పెట్టుకోవచ్చు, వేగానికి పెట్టుకోవచ్చు. మన మనిషిని అలా తయారు చేసుకోవడాన్నే బిల్డ్ అనేవాళ్లం. ఒకసారి పెట్టామా... ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు.

ఈ సంగతి నాకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. మాది మగ్గాల ఇల్లు. మగ్గం మీదికి నిలువు పోగుల పడుగు ఎక్కించామంటే ఎనిమిది చీరలు దిగేదాకా అదే రంగు, అదే అంచు. మధ్యలో మనసు మారిందని మార్చుకునేది కాదు.

నెట్ సెంటర్ పిల్లలంతా బిల్డ్ పిచ్చోళ్లు. వీడియోలు చూసి నోటు పుస్తకాల్లో రాసుకుని వచ్చేవారు. నేనూ తక్కువేం కాదు, నా లెక్కల నోటు వెనక పేజీలన్నీ అవే. మా అన్న మాత్రం ఇరవై లెవెళ్ల నుంచి ఒక్క పాయింటూ పెట్టలేదు. వంద పాయింట్లు అలాగే పడున్నాయి. కవచం లేని బక్క మనిషి, చేతిలో చిన్న కత్తి... ఎదుటివాడు గద ఎత్తేలోపు పక్కకు తప్పుకుని మూడు పోట్లు పొడిచేవాడు.

"పెట్టరాదన్నా, ఊకెనే పడున్నయి గద!" అని నేను పోరు పెట్టేదాన్ని.

"చెయ్యి ఉండంగ గవెందుకే?" అని నవ్వేవాడు.

ఆ మాటకు నాకెంత గర్వమో... మర్నాడు బడిలో నా మాటలాగా చెప్పుకునేదాన్ని.

ఆ ఎండాకాలం మేనమామ ఊరికి పోయినప్పుడు, గడ్డి కోసే మిషన్‌లో అన్న కుడిచెయ్యి పడింది. చూపుడు వేలు, నడిమి వేలు సగానికి పోయాయి. దవాఖానలో చాలా రోజులున్నాడు. ఇంటికొచ్చాక ఆ చేతిని లుంగీ మడతలో దాచుకుని కూర్చునేవాడు. నాకు దాన్ని చూస్తే ఏడుపొచ్చేది, చూడకపోతే అన్న చిన్నబుచ్చుకుంటాడేమోనని భయం.

అప్పటికి అన్న బడి లేనప్పుడు నేసే మగ్గం మీద గుడి అంచు చీరల పడుగు ఉంది. మూడు చీరలు దిగాయి, ఐదు మిగిలాయి. ఆ ఐదూ నాయినే నేసేస్తాడనుకున్నాం. గాయం మానగానే అన్ననే మగ్గం గుంతలోకి దింపాడు. తెగిన పోగు ముడి వేయడానికే అన్నకు చెమటలు పట్టేవి. అంచు వంకర పోయేది. నాయిన వచ్చి చూసి, జానెడు నేత విప్పేసి, "మల్ల నెయ్యి" అని వెళ్లిపోయేవాడు. అన్న మగ్గం మీద తల వాల్చి ఏడ్చేవాడు. నాయినంత రాతిగుండె మనిషి లోకంలో లేడనుకున్నాను. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

నాయిన చేయని మంచి నేను చేద్దామనుకున్నాను...

ఒక సాయంత్రం ఒక్కదాన్నే నెట్ సెంటర్‌కి వెళ్లాను. పాస్‌వర్డ్ ఇద్దరికీ తెలిసిందే. రెండు వేళ్లు లేకపోయినా గెలిచే మనిషిని తయారు చేయాలి. నోటు ముందు పెట్టుకుని అరవై కవచానికి, నలభై బలానికి పెట్టాను. చిన్న కత్తి తీసేసి పెద్ద గద ఇచ్చాను. తప్పుకునే పని లేదు, నిలబడి ఒక్క బటన్ నొక్కితే చాలు. పరుగున ఇంటికొచ్చి, అన్నను రెక్క పట్టుకుని లాక్కెళ్లాను.

అన్న కూర్చున్నాడు. మొదటి ఆట గెలిచాడు. నేను చప్పట్లు కొట్టాను. రెండోది, మూడోది... ఎదుటివాళ్లు ఎంత పొడిచినా మా మనిషికి చీమ కుట్టినట్టు కూడా లేదు. వరుసగా ఐదు గెలిచాడు. చెయ్యి బాగున్న రోజుల్లో కూడా వరుసగా ఐదు గెలిచింది లేదు. ఆరో ఆట మొదలైంది. అన్న మౌస్ వదిలేసి తెర వంక చూస్తూ ఉండిపోయాడు.

"వంద పెట్టినవా చెల్లె?"

"ఆఁ అన్నా... నీ కోసమే."

"గెలిచింది నేను గాదు గదనే."

కోపంగా కాదు... మెల్లగానే అన్నాడు. లేచి బయటికి పోయాడు. మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు. నేను మాత్రం కొన్నాళ్లు వెళ్లి మూడో కంప్యూటర్ ముందు కూర్చుని వచ్చేదాన్ని, ఆడబుద్ధి కాక.

మగ్గం వదల్లేదు అన్న. నాలుగో చీర వంకరగానే దిగింది. ఎనిమిదోదానికి అంచు నిలిచింది. నాయిన దాన్ని వేలితో తడిమి చూసి, విప్పకుండా వెళ్లి చాయ్ తాగాడు. ఆ నాలుగో చీర ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, పండగ వస్తే మా అమ్మ అదే కట్టుకుంటుంది.

ఇప్పుడు నెట్ సెంటర్ జాగాలో ఫోన్ల దుకాణం. ఆ ఆట కూడా ఎప్పుడో మూతబడింది... మా మనిషి గదతో సహా పోయాడు. నేను కంప్యూటర్ మీద చీరల అంచులకు డిజైన్లు వేస్తున్నాను, అన్న నేస్తున్నాడు. అన్నీ మాట్లాడుకుంటాం... ఆ ఆట సంగతి తప్ప.

మొన్న ధైర్యం చేసి అడిగాను. "అన్నా... నేను గా పాయింట్లు ముట్టకపోతే ఏమైతుండె?"

అన్న పేక పోగు నేసే నాడె పక్కన పెట్టాడు.

"ఓడిపోతుంటినే... దినాం ఓడిపోతుంటి. గని, ఆడుతుంటి."

ఇప్పటి పిల్లల ఆటల్లో, పెట్టిన పాయింట్లు వెనక్కి తీసుకునే బటన్ ఉంటుందట. మా కాలంలో లేదు... ప్రేమకొద్దీ చేసి, ఎవరి ఆటనైనా మీరూ ఇలా పాడుచేశారా? చేసి ఉంటే కింద రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలిస్తే కాస్త నయంగా ఉంటుంది.